'హార్ట్ ఆఫ్ గోల్డ్' కచేరీ సినిమాను ఎలా చూడాలి, ఎలా వినాలి

జానపద బాణీలను రాక్‌తో కలిపే ఫోక్ రాక్ సంగీతంలో దాదాపు నలభై ఏళ్లు గడిపిన ఒక గాయకుడి కచేరీని సినిమాగా చూసేటప్పుడు మనలో చాలామంది ఒకే పొరపాటు చేస్తాం. తెలిసిన పాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తాం, వచ్చాక దాన్ని పాత రికార్డులోని గొంతుతో పోల్చుకుంటాం, పోలిక కుదరకపోతే వయసు మీదపడిందని నిట్టూర్చి ఊరుకుంటాం. ఇంతలో తెర మీద నిజంగా జరుగుతున్నది మన కళ్లముందు నుంచే జారిపోతుంది. అలా జారిపోకుండా చూడడానికి కొంత సన్నాహం, కొంత ఓపిక కావాలి. ఆ రెండూ ఎలా సమకూర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ఉదాహరణగా తీసుకుంటున్నది 'నీల్ యంగ్: హార్ట్ ఆఫ్ గోల్డ్' అనే సినిమా. 2005 ఆగస్టు 18, 19 తేదీల్లో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో, రైమన్ ఆడిటోరియంలో నీల్ యంగ్ ఇచ్చిన రెండు కచేరీలను దర్శకుడు జొనాథన్ డెమ్మీ చిత్రీకరించి, 2006లో విడుదల చేశారు. నిడివి 103 నిమిషాలు. ఈ తరహా సినిమాల్లో ఇంతకంటే ఆర్భాటమైనవి చాలా ఉన్నాయి. అయినా చూడడం నేర్చుకోవడానికి దీనికి మించినది నాకు కనిపించలేదు. ఇందులో కెమెరా ఎక్కడా తొందరపడదు, తన చాకచక్యాన్ని ప్రదర్శించుకోదు, పాడేవారి ముఖం మీద నిలిచి పాట పూర్తయ్యేవరకు ఎదురుచూస్తుంది. చూసేవారు కూడా అదే నిదానాన్ని అలవరచుకోవాలి.

ముందుగా తెలుసుకోవలసినవి

కచేరీ సినిమాకు కథ ఉండదు కాబట్టి ఏమీ తెలియకుండా చూసినా నష్టం లేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఈ సినిమా విషయంలో మూడు సంగతులు ముందే తెలిసి ఉంటే, తెర మీద ఎవరూ విడమరచి చెప్పని భావం పాట పాటకూ అందుతుంది.

మొదటిది ఆ సంవత్సరం. నీల్ యంగ్ 1945 నవంబరు 12న కెనడాలోని టొరంటోలో పుట్టారు. అంటే ఈ కచేరీ నాటికి ఆయన వయసు 59. అదే ఏడాది మార్చిలో ఆయన మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బిందని వైద్యులు కనుగొన్నారు. అది చిట్లితే ప్రాణాపాయం. ఈ సంగతి తెలిశాక, శస్త్రచికిత్సకు ముందున్న కొద్ది రోజుల్లో ఆయన నాష్‌విల్‌కు వెళ్లి కొత్త పాటలు రాస్తూ, రాసినవాటిని రాసినట్టే రికార్డు చేయడం మొదలుపెట్టారు. చికిత్స అయ్యాక తిరిగి వెళ్లి ఆ పని ముగించారు. ఆ పాటలే 'ప్రైరీ విండ్' అనే ఆల్బమ్. ఆ జూన్‌లో ఆయన తండ్రి స్కాట్ యంగ్ మరణించారు. పాత్రికేయుడిగా, రచయితగా కెనడాలో పేరున్న ఆ తండ్రి చివరి ఏళ్లలో జ్ఞాపకశక్తి కోల్పోయారు. మరో రెండు నెలలకు ఈ కచేరీ జరిగింది. సినిమా మొదటి సగమంతా దాదాపుగా ఆ కొత్త పాటలే. తండ్రి ఒకప్పుడు చెప్పిన మాటను, మరపు దాన్ని ఆయన నుంచి లాక్కోకముందే గుర్తు చేసుకోవాలని తపించే కొడుకు గొంతు ఆ ఆల్బమ్ పేరునే మోసే పాటలో వినిపిస్తుంది. ఆ తపన వెనుక ఉన్నది రెండు నెలల నాటి దుఃఖమని తెలిసి వింటే అదే పాట ఎంతో దగ్గరగా వస్తుంది.

రెండోది ఆ భవనం. 1892లో ప్రార్థనా మందిరంగా కట్టిన రైమన్ ఆడిటోరియంలో నేటికీ కుర్చీలకు బదులు చర్చిలో ఉండే చెక్క బల్లలే ఉన్నాయి. అమెరికా గ్రామీణ ప్రాంతాల్లో పుట్టిన కంట్రీ సంగీతానికి పెద్ద వేదికగా నిలిచిన గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమం 1943 నుంచి 1974 వరకు ఇక్కడి నుంచే ప్రసారమైంది. నీల్ యంగ్‌కూ ఈ వేదికతో పాత బంధం ఉంది. 1971 ఫిబ్రవరిలో కంట్రీ గాయకుడు జానీ క్యాష్ టెలివిజన్ కార్యక్రమంలో పాడడానికి ఆయన నాష్‌విల్ వచ్చారు. ఆ కార్యక్రమం చిత్రీకరణ రైమన్‌లోనే జరిగేది. ఆ ప్రయాణంలోనే అదే నగరంలోని స్టూడియోలో 'హార్వెస్ట్' ఆల్బమ్‌లోని కొన్ని పాటలు రికార్డయ్యాయి, వాటిలో 'హార్ట్ ఆఫ్ గోల్డ్' ఒకటి. అది 1972లో అమెరికా పాటల అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఆయన పాటల్లో ఆ స్థానానికి చేరినది అదొక్కటే. 1971 నాటి ఆ ప్రయాణం జరిగిన 34 ఏళ్ల తరువాత ఆ మనిషి ఆ వేదిక మీదికే తిరిగి వచ్చి అదే పాట పాడడమన్నది ఈ సినిమాలో దాగి ఉన్న కథ.

మూడోది ఆయన చేతిలోని గిటార్. సినిమాలో ఎక్కువసేపు కనిపించే ఆ పాత మార్టిన్ డి-28 ఒకప్పుడు కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్‌ది. ఆయన 1949 జూన్‌లో తొలిసారి ఈ రైమన్ వేదిక మీదనే ఆప్రీ శ్రోతలకు పాడి వినిపించారు, 1953 జనవరి 1న, ముప్పయ్యేళ్లయినా నిండకముందే మరణించారు. ఆ గిటార్ చేతులు మారి నీల్ యంగ్ దగ్గరికి చేరింది. దాని గురించే ఆయన రాసిన 'దిస్ ఓల్డ్ గిటార్' పాటను, కంట్రీ గాయని ఎమీలూ హ్యారిస్ గొంతు కలపగా, దాన్నే వాయిస్తూ పాడతారు. వాయిద్యం తనది కాదని, కొంతకాలం తన చేతిలో ఉండి మరొకరి చేతికి వెళ్లేదని ఆ పాట భావం. మొదటిసారి చూసినప్పుడు ఈ వివరం నాకు తెలియదు, అది చక్కటి పాటగా మాత్రమే తోచింది. రెండోసారి తెలిసి చూసినప్పుడు ఆయన వేళ్ల మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

సినిమాకు ముందు 'హార్వెస్ట్' ఆల్బమ్‌ను ఒకసారి పూర్తిగా వినండి. 'ప్రైరీ విండ్' మాత్రం వినకండి. కొత్త పాటలను తొలిసారి వింటున్న ఆ సభలోని శ్రోతల స్థితిలోనే మీరూ ఉండడం మంచిది. ఆ ఆల్బమ్ బజారులోకి వచ్చింది కచేరీ జరిగిన మరుసటి నెలలో కాబట్టి ఆ బల్లల మీద కూర్చున్నవారికీ అవి కొత్త పాటలే. అయితే సాహిత్యం ఇంగ్లీషులో ఉంటుంది గనుక, పాడేటప్పుడు మాటలు పట్టుకోవడం కష్టమనిపించేవారు రెండు మూడు పాటల సాహిత్యాన్ని ముందే చదువుకోవచ్చు. సినిమా నడుస్తుండగా చదవవద్దు. తెర అడుగున మాటలు కనిపిస్తే కన్ను అక్కడికే పోతుంది, ముఖం మీద జరిగేది కనిపించదు.

గది, తెర, ధ్వని

ఈ భాగాన్ని తేలికగా తీసుకునేవారే ఎక్కువ. నిజానికి కచేరీ సినిమా బాగుండడం, బాగుండకపోవడం సగం ఇక్కడే తేలిపోతుంది.

ఇప్పటి టీవీలు ధ్వనిని మనకు చెప్పకుండానే మారుస్తాయి. మాటలు స్పష్టంగా వినిపించడానికి అమర్చిన సదుపాయం మనిషి గొంతు ఉండే మధ్యస్థాయిని పైకి లేపి, బేస్ గిటార్‌ను, డ్రమ్ములను అణచివేస్తుంది. వార్తలకు అది పనికివస్తుంది గాని పాటకు పనికిరాదు. రాత్రివేళ ఇతరులకు ఇబ్బంది లేకుండా ఉండడానికి పెట్టిన సదుపాయం ఇంకా హాని చేస్తుంది. అది మెల్లని ధ్వనిని పెంచి, పెద్ద ధ్వనిని తగ్గించి, రెండింటినీ ఒకే మట్టానికి తెస్తుంది. ఒంటరి గిటార్‌తో మొదలై, ఒక్కొక్క వాయిద్యం చేరుతూ, చివరికి వేదిక మీది వారంతా గొంతు కలిపే పాటలో ఉన్న సొగసంతా ఆ తేడాలోనే ఉంటుంది. ఈ రెండింటినీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపివేయండి. చిత్రానికి సంబంధించి కూడా ఒక సదుపాయం ఆపవలసి ఉంటుంది. కదలికలను నున్నగా చూపించడానికి టీవీ రెండు ఫ్రేముల మధ్య తానే కొత్త ఫ్రేములు కల్పించి చొప్పిస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీసిన సినిమాకు ఇది సీరియల్ రూపాన్ని అంటగడుతుంది, తీగల మీద వేగంగా కదిలే వేళ్ల చుట్టూ మసకను కూడా పులుముతుంది.

టీవీకి ఉండే చిన్న స్పీకర్లతో సరిపెట్టుకోవద్దు. విడి స్పీకర్లు లేకపోతే మంచి హెడ్‌ఫోన్లు వాడండి. అవి తీగ ఉన్నవైతే మరీ మంచిది, ఎందుకంటే బ్లూటూత్‌లో ధ్వని కొన్నిసార్లు చిత్రం కంటే వెనకబడుతుంది. మామూలు సినిమాలో ఆ కొద్ది ఆలస్యం తెలియదు గాని, డ్రమ్ మీద కర్ర పడడం కనిపించిన తరువాత చప్పుడు వినిపిస్తే కచేరీ మొత్తం చెదిరిపోతుంది. స్పీకర్లు రెండే ఉన్నవారు స్టీరియో ట్రాక్‌ను ఎంచుకోవాలి. ఐదు స్పీకర్లకు కూర్చిన ట్రాక్‌ను రెండింటిలోకి కుదిస్తే గాయకుడి గొంతు పలచబడే ప్రమాదం ఉంది.

శబ్దం ఎంత ఉండాలన్నది చాలామందికి తెగని సందేహం. మార్టిన్ స్కోర్సేసీ 1978 నాటి తన కచేరీ సినిమా 'ద లాస్ట్ వాల్ట్జ్' మొదట్లోనే, దీన్ని పెద్ద శబ్దంతో ప్రదర్శించాలని తెర మీద రాయించారు. అది రాక్ బృందపు వీడ్కోలు సభ, ఆ మాట దానికి తగింది. 'హార్ట్ ఆఫ్ గోల్డ్'కు నేను వేరే కొలత వాడతాను. 'ద నీడిల్ అండ్ ద డ్యామేజ్ డన్' పాటలో నీల్ యంగ్ పక్కన ఎవరూ లేకుండా ఒక్కరే గిటార్ మీటుతూ పాడతారు. సినిమా మొదలుపెట్టే ముందు అక్కడికి వెళ్లి, ఒక గదిలో మీకు ఎదురుగా కూర్చుని ఒక మనిషి పాడుతుంటే ఎంత వినిపిస్తుందో అంతకు శబ్దాన్ని అమర్చండి. తీగ మీద వేలు జారే గీర, మాటకు ముందు తీసే శ్వాస తెలియాలి. తరువాత మొదటికి వచ్చి, చివరివరకు ఆ అమరికను ముట్టుకోకండి. పాటల మధ్య ఆయన మాట్లాడేటప్పుడు మెల్లగా అనిపించినా పెంచవద్దు, బృందమంతా ఒక్కసారిగా అందుకున్నప్పుడు ఎక్కువనిపించినా తగ్గించవద్దు.

గదిలో దీపాలు ఆర్పండి. ఫోన్‌ను పక్క గదిలో ఉంచండి. 103 నిమిషాలూ ఒకే విడతలో చూడండి.

మొదటిసారి చూసేటప్పుడు

సినిమా పాటతో మొదలుకాదు. కచేరీకి వస్తున్న వాద్యకారులు కార్లలో నాష్‌విల్ వీధుల వెంట ప్రయాణిస్తూ, ఆ పాటలు ఎలా పుట్టాయో, ఆ వసంతంలో తమ మిత్రుడి ఆరోగ్యం గురించి తామెంత కలతపడ్డారో చెబుతారు. ఈ భాగాన్ని దాటవేయాలన్న తొందర కొందరికి కలుగుతుంది. దాటవేయకండి. రైమన్ తెర లేచాక వీరెవరూ మనతో మాట్లాడరు, వాయిస్తారు మాత్రమే. వారి వాయింపు వెనుక ఉన్న ఆపేక్ష ఏమిటో తెలిసేది ఇక్కడే. ఇది వయసు మళ్లిన స్నేహితుల కలయిక అన్న ఎరుక మొదటి పాటకు ముందే మనలో కుదురుకుంటుంది.

తొలి పాట 'ద పెయింటర్'తో కచేరీ మొదలవుతుంది. ఇక్కడి నుంచి చాలాసేపు మీకు తెలిసిన పాట ఒక్కటీ రాదు. ఈ తరహా సినిమాల్లో చూసేవారి ఓపికకు ఇదే గట్టి పరీక్ష, ఫలితం కూడా ఇక్కడే ఎక్కువ. ప్రతి పాటకూ ఒకే ఒక్క పని పెట్టుకోండి: అది ఎవరిని ఉద్దేశించి పాడుతున్నదో కనిపెట్టడానికి ప్రయత్నించండి. ఒకటి తండ్రి జ్ఞాపకానికి, ఒకటి గిటార్‌కు. 'హియర్ ఫర్ యూ' ఇల్లు విడిచి వెళ్లే వయసుకు వచ్చిన కూతురికి. ఒకప్పుడు తన ఈడు అమ్మాయిల కోసం ఇలాంటి పాటలు రాసిన మనిషి ఇప్పుడు అదే మార్దవంతో కూతురికి రాస్తున్నారు, ఆ సంగతి తానే శ్రోతలకు చెబుతారు. 'వెన్ గాడ్ మేడ్ మీ'లో ఆయన పియానో ముందు కూర్చుని దేవుణ్ని వరుసగా ప్రశ్నలు అడుగుతారు. అక్కడ వెనుక గొంతు కలిపేది ఫిస్క్ విశ్వవిద్యాలయపు జూబిలీ గాయకులు. 1871లో అదే నగరంలో మొదలై, బానిసత్వం నుంచి బయటపడిన తరం పాటలను ప్రపంచానికి వినిపించిన బృందం అది. ఎవరికోసం పాడుతున్నారన్నది తెలిశాక పాట కొత్తదన్న దూరం దానంతటదే తొలగిపోతుంది.

ఈ చూపులో కాగితం, కలం దగ్గర పెట్టుకోవద్దు. ఏదైనా గమనించాలన్న పట్టుదల కూడా వద్దు. ఎక్కడ మీ దృష్టి మళ్లిందో, ఎక్కడ మీకు తెలియకుండానే ముందుకు వంగి కూర్చున్నారో సినిమా ముగిశాక గుర్తు చేసుకుంటే చాలు.

రెండోసారి: కెమెరా వెంట

రెండో చూపు రెండు మూడు రోజుల తరువాత ఉండాలి. ఈసారి చూడవలసింది కెమెరాను.

మామూలు కచేరీ చిత్రీకరణలో కెమెరాలు తాళానికి తగ్గట్టు మారిపోతూ ఉంటాయి: గాయకుడు, వేళ్లు, డ్రమ్ములు, చేతులూపే జనం, పై నుంచి వేదిక, మళ్లీ గాయకుడు. చూస్తుంటే ఉత్సాహంగానే ఉంటుంది గాని, పాట అయ్యాక ఒక్క ముఖమూ గుర్తుండదు. డెమ్మీ పద్ధతి దీనికి పూర్తిగా వేరు. ఒక పాటను ఎంచుకుని, షాట్ మారిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయండి. తరువాత అంతే నిడివి ఉన్న మరేదైనా కచేరీ చిత్రంలోని పాటకు అదే చేయండి. రెండు కాగితాలనూ పక్కపక్కన పెడితే నేను చెప్పదలచినది మీకే తెలుస్తుంది. ఛాయాగ్రాహకురాలు ఎలెన్ కూరస్ కెమెరాలు ముఖం దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోతాయి. హార్మోనికా నుంచి పెదవులు వేరై, ఆ వెంటనే గొంతు అందుకునే ఆ అరక్షణం మనకు కనిపించేది షాట్ కత్తిరించకుండా ఉంచినందువల్లనే. నీల్ యంగ్ అంచు వెడల్పైన టోపీ పెట్టుకుని పాడతారు కాబట్టి కళ్లు తరచు నీడలో ఉంటాయి. ఆయన తల ఎత్తినప్పుడు ఆ కళ్లలో వెలుగు పడడం కోసం కెమెరా కాచుకుని ఉంటుంది. ఆ కాచుకోవడాన్ని గమనించండి.

ఇక కనిపించనివాటి సంగతి. ప్రేక్షకులు దాదాపుగా కనిపించరు. చప్పట్లు వినిపిస్తాయి, చీకట్లో తలల అంచులు అప్పుడప్పుడు తోస్తాయి, అంతే. డెమ్మీ ఈ నియమాన్ని అంతకు ఇరవై ఏళ్ల ముందే, టాకింగ్ హెడ్స్ అనే రాక్ బృందంతో తీసిన 'స్టాప్ మేకింగ్ సెన్స్' సినిమాలో పాటించారు. అది 1983 డిసెంబరులో హాలీవుడ్‌లో చిత్రీకరించి, 1984లో విడుదల చేసిన సినిమా. అందులో శ్రోతల ముఖాలు స్పష్టంగా కనిపించేది చివరి ఘట్టంలోనే. ఈ నియమానికి బలమైన కారణం ఉంది. పరవశించిపోతున్న శ్రోతను తెర మీద చూపిస్తే, ఈ చోట నువ్వు ఇలా స్పందించాలని చూసేవారికి సూచించినట్టవుతుంది. అది లేనప్పుడు స్పందన పూర్తిగా మనదే. నేను ఈ రెండు సినిమాలనూ పదే పదే చూడగలగడానికి ఇదే కారణమనుకుంటాను.

వెనుక ఉన్న చిత్రించిన తెరలనూ, వాటి మీద మారే వెలుతురునూ కూడా ఈ చూపులోనే గమనించాలి. బంగారు రంగు, గోధుమ రంగు, సాయంత్రపు కాంతి పాటల వెంట మారుతూ పోతాయి.

ఒక చిన్న అభ్యాసం కూడా చేయండి. ఏదో ఒక పాటను శబ్దం పూర్తిగా తీసేసి చూడండి, తరువాత అదే పాటను కళ్లు మూసుకుని వినండి. శబ్దం లేనప్పుడు వాద్యకారులు ఒకరినొకరు ఎంతగా చూసుకుంటారో తెలుస్తుంది. చరణం ముగిసే వేళకు నలుగురి తలలూ ఒకేవైపు తిరుగుతాయి. కళ్లు మూసుకున్నప్పుడు కెమెరా మనల్ని ఎటు చూడమన్నదో దాని ప్రభావం తొలగి, అప్పటిదాకా గమనించని వాయిద్యం ముందుకు వస్తుంది.

వయసైన గొంతును వినడం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీల్ యంగ్‌ది మొదటినుంచీ పలచని, ఎత్తైన, కొద్దిగా వణికే గొంతు. బలంతో నిలబడిన గొంతు కాదు కాబట్టి వయసు దాన్ని అంతగా కూల్చలేదు. అయినా తేడా ఉంది. ఆ తేడాను లోపంగా వినకుండా ఉండాలంటే మూడు చోట్ల చెవి పెట్టాలి. పాదం మొదట్లో శ్వాస ఎక్కడ తీసుకుంటున్నారో వినండి. వయసులో ఉన్న గాయకుడు ఒకే ఊపిరిలో దాటించే పాదాన్ని పెద్దవయసులో విరిచి పాడవలసి వస్తుంది. అలా విరిచినప్పుడు మాట అర్థం ఎక్కడ పడుతుందో, ఏ మాట ఒంటరిగా నిలుస్తుందో చూడండి. తరువాత పాదం చివర స్వరాన్ని ఎలా వదిలిపెడుతున్నారో వినండి. లాగి నిలబెట్టడం కంటే మెల్లగా నేల మీద దించినట్టు వదిలిన చోట్లే ఈ సినిమాలో ఎక్కువ. మూడోది వంత పాడేవారి పాత్ర. ఎమీలూ హ్యారిస్, ఆయన అప్పటి భార్య పెగీ యంగ్ మొదలైనవారి గొంతులు ఆయన గొంతు సన్నబడే చోట కిందనుంచి చేయి పట్టి నిలబెడతాయి. ఆ ఆసరాను విన్నవారికి ఒంటరి గొంతు మాత్రమే ఉన్న చోట్లు మరింత లోతుగా తాకుతాయి.

దీన్ని పరీక్షించుకోవడానికి 'ఓల్డ్ మ్యాన్' సరైన పాట. దాని పుట్టుకను నీల్ యంగ్ ఈ సినిమాలో స్వయంగా చెబుతారు. పాతికేళ్లు నిండీ నిండకముందే చేతికి డబ్బు వచ్చి, ఉత్తర కాలిఫోర్నియాలో పశువుల మేతభూమి ఒకటి కొన్నప్పుడు దాన్ని చూసుకుంటూ ఉండిన ఒక వృద్ధుడు, ఇంత చిన్నవాడివి ఇదంతా ఎలా కొన్నావని ఆశ్చర్యపోయారట. ఆ వృద్ధుడితో ఒక కుర్రవాడు, నేనూ చాలావరకు నీలాంటివాణ్నే సుమా, అని చెప్పుకునే పాట అది. 1972 నాటి రికార్డును ముందు వినండి, వెంటనే సినిమాలోని పాటను చూడండి. మాటలు మారలేదు, రాగం మారలేదు. కాని ఇప్పుడు పాడుతున్నవారే ఆ వృద్ధుడి పక్షానికి చేరారు. ఏ గొంతు మధురంగా ఉందన్న పోలిక ఇక్కడ నిలవదు. కుర్రవాడి గొంతు ఊహించి పాడినదాన్ని 59 ఏళ్ల గొంతు అనుభవించి పాడుతున్నది. ఈ ఒక్క పాట దగ్గర ఆగి, రెండు మూడుసార్లు ఇలా మార్చి మార్చి వినమని నేను గట్టిగా చెబుతాను.

పక్కన ఉన్నవారు

మూడోసారి చూసే తీరిక ఉంటే గాయకుడిని వదిలి బెన్ కీత్‌ను చూడండి. ఆయన వాయించేది పెడల్ స్టీల్ గిటార్. కాళ్ల మీద బల్లలా నిలిచే ఆ వాయిద్యం ముందు కూర్చుని, ఎడమచేతిలోని లోహపు కడ్డీని తీగల మీద జరుపుతూ, కుడిచేత్తో మీటుతూ, పాదాలతో పెడళ్లను, మోకాళ్లతో మీటలను నొక్కి తీగల శ్రుతిని మారుస్తారు. అందుకే దాని ధ్వని మెట్లుమెట్లుగా కాక మనిషి గొంతులా జారుతూ సాగుతుంది. 1971లో 'హార్వెస్ట్' రికార్డు చేసినప్పుడు దాన్ని వాయించినది ఆయనే. గాయకుడు పాదం ముగించి ఊపిరి తీసుకునే ఖాళీలోకి మాత్రమే ఆయన ప్రవేశిస్తారు, తిరిగి పాట మొదలయ్యేసరికి తప్పుకుంటారు. అంత తక్కువ వాయించి అంత చెప్పడం ఎలాగో చూడాలంటే 'హార్ట్ ఆఫ్ గోల్డ్' పాటలో ఆయన వైపే చెవి నిలపండి. కీబోర్డు దగ్గర స్పూనర్ ఓల్డమ్, బేస్ మీద రిక్ రోసాస్ కూడా ఇదే కోవకు చెందినవారు. 'హార్వెస్ట్ మూన్'లో తాళం కోసం వేదిక మీద చీపురుతో ఊడ్చే చప్పుడు వాడతారు. అది ఎక్కడి నుంచి వస్తున్నదో మీరే వెతికి పట్టుకోండి.

ఇప్పుడు ఈ సినిమా చూడడం 2006లో చూడడం లాంటిది కాదు. బెన్ కీత్ 2010లో, రిక్ రోసాస్ 2014లో, జొనాథన్ డెమ్మీ 2017లో, పెగీ యంగ్ 2019లో మరణించారు. చిత్రీకరణ నాడు మృత్యువు అంచు దాకా వెళ్లి వచ్చినది మధ్యలో నిలబడి పాడిన వ్యక్తి. ఆయన చుట్టూ నిలబడి ఆయన కోసం కలతపడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. ఈ సంగతి తెలిశాక మొదట్లోని కారు ప్రయాణాలు మరోలా కనిపిస్తాయి. అందుకే ఆ భాగాన్ని మూడో చూపులో మళ్లీ చూడమంటాను.

ఆ తరువాత

ఒకే గాయకుడిని వేర్వేరు వయసుల్లో చూడాలనుకునేవారికి మంచి వరుస ఒకటి దొరుకుతుంది. 'ద లాస్ట్ వాల్ట్జ్' కోసం 1976 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'హెల్ప్‌లెస్' పాడినప్పుడు నీల్ యంగ్‌కు 31 ఏళ్లు. 1978 అక్టోబరులో చిత్రీకరించిన 'రస్ట్ నెవర్ స్లీప్స్'కు ఆయనే బెర్నార్డ్ షేకీ అన్న మారుపేరుతో దర్శకత్వం వహించారు. అందులో ఒంటరి గిటార్ పాటలు, హోరెత్తే విద్యుత్ గిటార్ పాటలు రెండూ ఉన్నాయి. 2011 మే నెలలో టొరంటోలోని మాసీ హాల్‌లో డెమ్మీయే మళ్లీ చిత్రీకరించిన 'నీల్ యంగ్ జర్నీస్'లో ఆయన వేదిక మీద ఒక్కరే ఉంటారు. అక్కడ మైకు దగ్గర అమర్చిన చిన్న కెమెరా గడ్డాన్నీ పెదవులనూ తెర నిండా చూపుతుంది, పాడుతుండగా ఉమ్మి తుంపర కెమెరా అద్దం మీద పడినా తీసేయకుండా ఉంచారు. అదే దర్శకుడు, అదే గాయకుడు, ఆరేళ్ల తేడా. మొదటిది వెచ్చగా, మర్యాదగా దగ్గరికి చేరితే రెండోది ఊపిరి తగిలేంత సమీపానికి వెళుతుంది. నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం, కాని రెండూ చూస్తేనే ఒక్కొక్క దానిలో తీసుకున్న నిర్ణయం ఏమిటో తెలుస్తుంది.

ఏ విడత చూసినా సరే, 'హార్ట్ ఆఫ్ గోల్డ్'లో పేర్లు పడడం మొదలవగానే ఆపివేయవద్దు. తోడు గొంతులూ వంత గిటార్లూ అన్నీ తప్పుకున్నాక, నీల్ యంగ్ ఆ వేదిక మీద ఒక్కరే కూర్చుని 1968లో వచ్చిన తన తొలి సోలో ఆల్బమ్‌లోని 'ది ఓల్డ్ లాఫింగ్ లేడీ' పాడతారు. ఎదురుగా చెక్క బల్లలన్నీ ఖాళీగా ఉంటాయి. అంతసేపూ కెమెరా దాచి ఉంచిన ప్రేక్షకుల స్థానం అప్పుడు కనిపిస్తుంది, అందులో ఎవరూ ఉండరు. పాట ముగిసి, ఆయన గిటార్‌ను సర్దుకునే వరకు దీపాలు వెలిగించకండి.